గుండీల పెట్టెలో పదిహేడో వరుస

ఆ ఉదయం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే అడవి మడి గట్టు మీదికి చేరినవారు నలుగురు. వారు చేరిన వరుస ఇది. మొదటివాడు మడి కాపరి. ఆయన ఎప్పుడు వచ్చాడో చెప్పగలిగినవారు లేరు. ఆయనకంటే ముందు అక్కడికి వచ్చినవారు ఏనాడూ లేరు కనుక. రెండవవారు వరి విభాగంలో కొత్తగా చేరిన యువ శాస్త్రవేత్త. ఆమె మెడలో భూతద్దం వేలాడుతోంది, చేతిలో సన్నని పట్టుకారు ఉంది. మూడవవాడు ట్రాక్టర్ డ్రైవర్. అతనికి అక్కడ పనేమీ లేదు, రమ్మని ఎవరూ పిలవలేదు, అయినా వచ్చాడు. నాలుగవవారు పరిశోధన క్షేత్రపు డైరెక్టరుగారు. ఉదయం పది గంటలకు ముందు తన క్షేత్రం ఎలా ఉంటుందో చూడటం ఆయనకు అదే మొదటిసారి. మంచు దిగిన గడ్డిలో ఆఫీసు బూట్లు తడుస్తుంటే ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ, పరాయి ఇంట్లోకి వచ్చిన మనిషిలా నడిచి వచ్చారు.

హాజరు కావలసిన ఐదవ మనిషి ఒకరున్నారు. ఆమె రాలేదు. రాలేకపోవడానికి కారణం పదకొండు నెలలుగా అందరికీ తెలిసినదే. అయినా కాపరి గట్టు మీద తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.

వారందరి ఎదుటా నాలుగు కుండీలు ఉన్నాయి. నాలుగింటిలో నాలుగు మొక్కలు. మూడు ఇంకా పొట్ట మీద, కంకి బయటికి రాకుండా ఉన్నాయి. నాలుగవదానికి నిన్న సాయంత్రం వెన్ను బయటపడింది. ఆ వెన్ను మీది పువ్వులు ఇప్పుడు విచ్చుకుంటాయా, లేక అన్ని వరి మొక్కల పువ్వుల్లాగే పది గంటల ఎండకు విచ్చుకుంటాయా అన్నదే తేలవలసిన సంగతి. ఇప్పుడు విచ్చుకుంటే అది పదిహేడో వరుస. లేకపోతే కాపరి ఏళ్ళ తరబడి చూశానన్నది ఎవరూ చూడనిదిగానే మిగిలిపోతుంది. ఆ మాటను నిలబెట్టడం కోసం ఆయన ఒప్పుకున్న తప్పు మాత్రం ఆయన సర్వీసు పుస్తకంలో ఉండిపోతుంది. ఉద్యోగ విరమణకు ఇంకా పద్దెనిమిది రోజులే గడువు.

ఈ సంగతి అర్థం కావాలంటే అడవి మడి ఏమిటో, దాని కాపరి బతుకు ఎలాంటిదో ముందుగా చెప్పాలి.

అడవి వరి మనం తినే వరికి దూరపు చుట్టం. దాన్ని ఎవరూ విత్తరు, ఎవరూ కోయరు. చిత్తడి నేలల్లో, కాలవల పక్కన తనంతట తానే మొలిచి, తనంతట తానే రాలిపోతుంది. తిండికి పనికిరాదు. కానీ కొన్ని వేల ఏళ్ళుగా మనిషి పోషణలో సుఖపడిన మన వరి పోగొట్టుకున్న గుణాలు ఆ చుట్టం దగ్గర ఇంకా ఉన్నాయి. ఒకటి ఉప్పునీటిని తట్టుకుంటుంది, ఒకటి వరదలో మునిగి తేలుతుంది, ఒకటి ఎండకు లొంగదు. కాలం తల్లకిందులవుతున్న ఈ రోజుల్లో అలాంటి గుణాన్ని అడిగి తెచ్చుకుని మన వరిలో కలపాలంటే ముందు ఆ చుట్టాన్ని బతికించి ఉంచుకోవాలి. అందుకే క్షేత్రం చివర, ముళ్ళకంచె లోపల, ముప్పై వరుసల అడవి మడి ఉండేది.

ఆ మడి అంటే మిగిలిన క్షేత్రానికి భయం. అడవి వరి గింజ పండగానే చెయ్యి తగిలితే చాలు రాలిపోతుంది. ప్రతి గింజకూ బెత్తెడు ముల్లు, ఆ ముల్లుకు కంటికి ఆనని రంపపు పళ్ళు. చొక్కాను పట్టుకుందంటే వదలదు. అలా ఒక్క గింజ శుద్ధమైన విత్తనపు మడిలో పడితే చాలు, ఏడాది తిరిగేసరికి కేళీలు లేస్తాయి. వరుసలో కలవని ఆ పరాయి మొక్కలను ఏరేసరికి కూలీల నడుములు విరుగుతాయి. అందుచేత కంచె తలుపు మీద ఒక బోర్డు ఉంది: లోపలి గింజ బయటికి పోరాదు, లోపలి మనిషి దులుపుకోకుండా బయటికి రారాదు. ఆ అక్షరాలు గుండ్రని చేతిరాతతో రాసినవాడు కాపరే.

నియమం గింజ గురించి పుట్టింది. రానురాను అది మనిషికి అంటుకుంది. మధ్యాహ్నం అందరూ రేకుల షెడ్డు కింద గుంపుగా కూర్చుని తినేవారు. కాపరి కంచె తలుపు పక్కన ఉన్న ఇనుప బల్ల మీద ఒక్కడే తినేవాడు. షెడ్డుకూ బల్లకూ మధ్య అరవై అడుగులు. మంచినీళ్ళ కోసం ఆయన అటు రెండడుగులు వేస్తే చాలు, ట్రాక్టర్ డ్రైవర్ చెయ్యెత్తి కేక వేసేవాడు.

"బావా, అక్కడే ఆగు! దులుపుకున్నావా?"

"దులుపుకున్నాను."

"ఏదీ, ఒకసారి వెనక్కి తిరుగు. అదిగో, కాలరు కింద ఒకడు దాక్కున్నాడు. నువ్వు మనిషివా, సూదుల దిండువా?"

షెడ్డంతా నవ్వేది. కాపరి కూడా నవ్వేవాడు. కుచ్చు చీపురుతో మెడ మీద ఇంకోసారి దులుపుకుని, నీళ్ళ సీసా అందేంత దూరంలో నిలబడి చెయ్యి చాపేవాడు. ఇందులో ఎవరికీ ద్వేషం లేదు. మాట ఎప్పుడూ సరదాదే. సరదా ముప్పై ఒక్క సంవత్సరాలు నడిచింది.

పదకొండు నెలల కిందట ఆయన అక్క చనిపోయిన రోజున క్వార్టర్ల వారందరూ వచ్చారు. డ్రైవర్ అందరికంటే ముందు వచ్చాడు. కళ్ళనీళ్ళతో రెండు చేతులూ చాపి కాపరి దగ్గరికి రాబోయి, సరిగ్గా మూరెడు దూరంలో ఆగిపోయాడు. పాపం, కావాలని ఆగలేదు. కాళ్ళకు అలవాటైన దూరం అది. కాపరి ఆ చేతులను చూశాడు. తనకు తెలియకుండానే భుజం దులుపుకున్నాడు.

ఆ అక్కను క్వార్టర్లలో అందరూ దర్జీ అక్క అనేవారు. ఆమె కాపరికంటే ఆరేళ్ళు పెద్ద. భర్త పోయిన ఏడాది, "నాలుగు రోజులుండి పోతాన్రా తమ్ముడూ," అని ఒక సంచీ, ఒక కుట్టుమిషను, ఒక గుండీల పెట్టె తీసుకుని వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇరవై ఆరేళ్ళు సాగాయి. రెండు గదుల ఇంట్లో కిటికీ పక్క చోటు మిషనుది. ఊడిన అంచులు, బిగుతైన జాకెట్లు, పిల్లల యూనిఫారాలు అన్నీ అక్కడికే వచ్చేవి. ఆమె ఏ వస్తువునూ పారేసేది కాదు. చిరిగిన చొక్కాను మసిగుడ్డగా వాడుకునే ముందు దాని గుండీలు, కొక్కేలు తెంపి, రంగు రంగుకు, కొలత కొలతకు వేరు చేసి బుల్లి గాజుసీసాల్లో వేసేది. తేమకు కొక్కేలు తుప్పు పట్టకుండా ప్రతి సీసాలోనూ అరిగిపోయిన సుద్దముక్క ఒకటి పడేసేది.

సాయంత్రం కాపరి ఇంటికి రాగానే గుమ్మంలోనే చొక్కా విప్పి ఆమెకు ఇవ్వాలి. అది ఆ ఇంటి చట్టం. ఆయన బనియనుతో కుర్చీలో కూర్చుంటే, ఆమె చొక్కాను ఒళ్ళో పరుచుకుని, కుట్లు విప్పే పట్టుకారుతో ముళ్ళు ఒక్కొక్కటే లాగేది.

"ఇవాళ ఎవరెవరు వచ్చార్రా నీ వెంట?" అని చుట్టాలను అడిగినట్టు అడిగేది.

"చూసి నువ్వే చెప్పు."

"ఎర్రమీసాలవాడు వచ్చాడు. ఈ నల్లపొట్టి ఎవరు? ఆ, నిన్నటిదే. నీ తొందరమ్మ ఏం చేస్తోంది?"

తొందరమ్మ అంటే పదిహేడో వరుస. నల్లని పొట్టు, కొసకు ఎరుపు దిగిన పొడవాటి ముల్లు.

"తెల్లారగానే విచ్చుకుందక్కా. నేను గట్టెక్కేసరికే పువ్వులన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఏడున్నరకల్లా తలుపులు వేసేసుకుంది."

"మంచి పని చేసింది. పదింటికి తీరిగ్గా వచ్చే మీ ఆఫీసర్ల కోసం పువ్వయినా ఎందుకు కూర్చుంటుందిరా?"

"నువ్వు నమ్ముతున్నావా?"

"నువ్వు అబద్ధం చెబితే నీ చెవులు ఎర్రబడతాయి. ఇవాళ ఎర్రబడలేదు."

అప్పుడు కాపరి ప్రతిరోజూ చెప్పే మాట చెప్పేవాడు. "ఆ గింజలు పొయ్యిలో వెయ్యి. ఒక్కటి కూడా పెరట్లో పడకూడదు. మన కాలవ నీళ్ళు పోయేది విత్తనపు మడుల్లోకే."

"వేస్తాన్లేరా, ఎన్నిసార్లు చెబుతావు?"

ఆయన లోకంలో పదిహేడో వరుసను నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. క్షేత్రం నమ్మలేదు. కారణం చిన్నది. పూత నమోదు చేసే రిజిస్టరులో సమయం గడిలో "ఉదయం 10" అని ముందుగానే అచ్చువేసి ఉంటుంది. అధికారులు గుర్తు పెట్టేవారు, అంతే. పది గంటలకు పదిహేడో వరుస పువ్వులు ముడుచుకుని ఉండేవి. కనుక ఏడాది తరవాత ఏడాది ఒకటే వాక్యం: "పూత కనబడలేదు." నెల తరవాత అదే పేజీలో: "గింజ కట్టినది." పూయకుండా గింజ ఎలా కట్టిందని అన్నేళ్ళలో ఒక్క సంతకమైనా సందేహపడలేదు. కాపరి రెండుసార్లు చెప్పి చూశాడు. "అయ్యా, అది తెల్లవారుజామునే పూస్తుందండీ." "ఆ సమయంలో నువ్విక్కడేం చేస్తున్నావు?" అన్నారు ఒక అధికారి. మూడవసారి ఆయన చెప్పలేదు. రిజిస్టరు అంచున పెన్సిలుతో, ఎవరికీ అడ్డం రాకుండా, చిన్న అక్షరాలలో రాసిపెట్టాడు.

మూడేళ్ళ కిందట అప్పటి డైరెక్టరు అడవి మడిని కుదించమన్నారు. పది వరుసలు చాలు, మిగిలిన చోట యంత్రాల షెడ్డు కట్టాలన్నారు. పదకొండు నుంచి ముప్పై దాకా దున్నేయమని ఉత్తర్వు వచ్చింది. విత్తనాల చల్లగదిలో ప్రతి వరుసకూ కవరు ఉంది గదా అని అందరూ ధీమాగా ఉన్నారు. పదిహేడో కవరును అంతకుముందే పరీక్షకు తీసి ఉన్నారు. పద్నాలుగు రోజులు చూసి, ఒక్కటీ మొలవకపోతే నియమం ప్రకారం చచ్చిన విత్తనమని పారేశారు. అడవి గింజ పద్నాలుగు రోజులకు లేవదు, తనకు తోచినప్పుడు లేస్తుందన్న సంగతి ఆ నియమం రాసినవారికి తట్టలేదు.

దున్నిన రోజున ట్రాక్టరు ఎక్కే ముందు డ్రైవర్, "బావా, నువ్వు అటు తిరిగి కూర్చో," అన్నాడు. కాపరి అటు తిరిగి కూర్చున్నాడు. ఆ సాయంత్రం అక్క చొక్కా నుంచి ముళ్ళు తీస్తూ, "ఇవాళ తొందరమ్మ చాలామందిని పంపిందేరా?" అంది. "ఆఖరివి అక్కా," అన్నాడు ఆయన. "పొయ్యిలో వెయ్యి." ఆమె తల వంచుకుని ఇంకో ముల్లు లాగింది.

ఆ తరవాత వరసగా రెండు ఎండాకాలాలు వరిని కాల్చాయి. పంట పచ్చగానే ఉంది, వెన్నులు నిండుగానే వచ్చాయి. కానీ సరిగ్గా పువ్వు విచ్చుకునే వేళకు ఎండ నిప్పులు చెరిగేది, పుప్పొడి మాడిపోయేది. కోతకొచ్చేసరికి వెన్నులు తల వంచలేదు. చేతిలో నలిపి చూస్తే అంతా గింజ లేని తాలు. క్షేత్రంలో మాటలు తగ్గిపోయాయి. ఆ రోజుల్లోనే యువ శాస్త్రవేత్త పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి చదివింది. ఒక మధ్యాహ్నం ఒక రిజిస్టరు చంకలో పెట్టుకుని తిన్నగా ఇనుప బల్ల దగ్గరికి వచ్చింది. వచ్చి, దులుపుకున్నారా అని అడగకుండానే ఆయన పక్కన కూర్చుంది. కాపరి కంగారుగా బల్ల అంచుకు జరిగాడు.

"బాబాయ్‌గారూ, ఈ పెన్సిల్ రాత మీదేనా?"

"నాదేనమ్మా. తుడిచేయమంటే తుడిచేస్తాను."

"తుడిచేయడమా! పువ్వు ఎండ రాకముందే పూసి మూసుకుంటే దాన్ని ఏ ఎండా ఏమీ చేయలేదు. మన వరికి ఈ ఒక్క అలవాటు నేర్పగలిగితే చాలు. పదిహేడో వరుస ఎక్కడ?"

కాపరి యంత్రాల షెడ్డు వైపు చూపించాడు. దాని సిమెంటు గచ్చు మీద ట్రాక్టరు నిలబడి ఉంది.

ఆమె రిజిస్టరు మూసింది. తరవాత లేచి, "రేపు డైరెక్టరుగారి దగ్గర సమావేశం ఉంది. ఆ విత్తనం ఎక్కడా లేదని మీరు రాతపూర్వకంగా ఇవ్వాలట. ఇస్తే వేరే దేశాలకు ఉత్తరాలు రాసుకుంటాం. ఎక్కడైనా ఉంటే దొరకడానికి ఎన్నేళ్ళు పడుతుందో," అని వెళ్ళిపోయింది. ఆమె చీర చెంగుకు ఒక ముల్లు అంటుకుని వెళ్ళడం కాపరి చూసి, వెనక నుంచి పిలిచి, రెండు వేళ్ళతో తీసేశాడు.

ఆ సాయంత్రం ఆయన సమావేశానికి వేసుకోవలసిన తెల్ల చొక్కా తీశాడు. ఛాతీ మీది గుండీ లేదు. ఏడు నెలలుగా ఊడిన ప్రతి గుండీ చోటా పిన్నీసు పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. డైరెక్టరుగారి ముందుకు పిన్నీసుతో వెళ్ళడం ఆయనకు నచ్చలేదు. మిషను మీద కప్పిన దుప్పటిని తీయకుండా, దాని కిందికి చెయ్యి పోనిచ్చి గుండీల పెట్టెను బయటికి లాగాడు.

పై అరలో సీసాలు అక్క పెట్టినట్టే వరుసగా ఉన్నాయి. తెల్లవి, నల్లవి, ముత్యపువి, సైనికుల కోట్లవి. తెల్ల గుండీ ఒకటి తీసుకున్నాడు. దానికి జత కింద ఇంకొకటి ఉందేమో చూద్దామని పై అరను ఎత్తాడు. కింద ఇంకో అర ఉంది. అందులోనూ సీసాలే. సీసాల్లో గుండీలు లేవు.

కాపరి ఒక సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు.

గింజలు. ముళ్ళు తుంచి, పొట్టు రంగును బట్టి, పొడవును బట్టి వేరు చేసిన గింజలు. ప్రతి సీసాలోనూ ఒక సుద్దముక్క. మూత మీద అంటించిన కొలతల చీటీ ముక్కలు, వాటి మీద అక్క వంకర అక్షరాలు: ఎర్రమీసాలు. నల్లపొట్టి. మొండిఘటం. రెండో వరుసలో చివరది: తొందరమ్మ. ఆ చీటీ మీద ఒక తేదీ కూడా ఉంది. ఆ తేదీ ఆయనకు బాగా తెలుసు. తాను గట్టు మీద అటు తిరిగి కూర్చున్న రోజది.

మొదట ఆయనకు వచ్చింది సంతోషం కాదు, భయం. ఇరవై ఆరేళ్ళుగా తన ఇంట్లో, తన కప్పు కిందే, తాను బోర్డు మీద వద్దని రాసిన నేరం కాపురం చేస్తోంది. కంచె దాటిన గింజ! ఇంకా నాలుగున్నర నెలల్లో ఆయన పదవీ విరమణ. ఆ రోజు అందరికీ చదివే వాక్యం ఒకటుంది, "ఏ మచ్చా లేని సేవ" అని. ఆ వాక్యం తప్ప తనకంటూ ఆయన పోగుచేసుకున్నది లేదు. "వేస్తాన్లేరా" అన్న గొంతు చెవిలో మోగింది. రోజూ అదే గొంతు, అదే అబద్ధం. చెవులు ఎర్రబడకుండా అబద్ధమాడటం ఆమెకు ఎలా వచ్చిందో!

"ఎందుకే అక్కా?" అని పైకే అడిగాడు. మిషను మీది దుప్పటి ఏమీ చెప్పలేదు. కానీ జవాబు ఆయనకు తెలుసు. గుండీ పారేయని మనిషి గింజ ఎలా పారేస్తుంది?

ఉదయం ఆఫీసుకు వెళ్ళే దారిలో డ్రైవర్ కలిశాడు. కాపరి దాచుకోలేక చెప్పేశాడు. డ్రైవర్ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"బావా, నీకు పిచ్చా? ఇంట్లో దొరికిందని చెబితే ఉద్యోగం చివర్లో బొప్పి కట్టించుకుంటావు. షెడ్డు వెనక గట్టు పక్కన నాలుగు గింజలు రాలి ఉన్నాయను. నేను చూశానని సాక్ష్యం చెబుతాను. అయిపోయె."

"గట్టు పక్కన రాలితే వాటిని ఎవరు ఏరినట్టు?"

"ఎవరూ ఏరలేదు, దేవుడు ఏరాడు. ఎవరైతే ఏం? గింజ గింజేగా!"

కాపరి ఆగి నిలబడ్డాడు. అబద్ధం చాలా తేలిక. చెబితే గింజ బతుకుతుంది, సేవ మచ్చ లేకుండా మిగులుతుంది. పోయేది ఒక్కటే: ప్రతి సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని పట్టుకారుతో ముళ్ళు తీసిన మనిషి. ఆమెను ఇంకోసారి పోగొట్టుకోవాలి, ఈసారి తన నోటితో.

"నాకు చెవులు ఎర్రబడతాయిరా," అన్నాడు ఆయన.

డైరెక్టరుగారి గదిలో ఆయన సీసాను బల్ల మీద పెట్టి, జరిగినది జరిగినట్టు చెప్పాడు. డైరెక్టరుగారు సీసాను ఎత్తలేదు, చూశారు.

"ఇది కంచె దాటిన విత్తనం. నియమం మీకు తెలుసు గదా?"

"తెలుసండీ. ఆ బోర్డు రాసింది నేనే."

"మీకు తెలిసే జరిగిందా?"

"లేదండీ. తెలిసి ఉంటే పొయ్యిలో వేసి ఉండేవాణ్ణి."

యువ శాస్త్రవేత్త కిటికీ దగ్గర నుంచి నెమ్మదిగా అంది: "అంటే సార్, ఆవిడ తమ్ముడి మాట విని ఉంటే మన దగ్గర ఇవాళ ఏమీ లేదు."

డైరెక్టరుగారు మంచివారే, కాని కాగితం మనిషి. కలం మూత తీశారు. "తప్పు తప్పే. సర్వీసు పుస్తకంలో మందలింపు రాయక తప్పదు. మొలిస్తే, పదిహేడో వరుస అని రుజువైతే, మెప్పు కూడా రాస్తాను. మొలవకపోతే మందలింపు ఒక్కటే మిగులుతుంది. ఇంకా ఆలోచించుకోండి, సీసా వెనక్కి తీసుకెళ్ళవచ్చు, నేను చూడలేదు."

"చూశారండీ," అన్నాడు కాపరి.

సీసాలో నలభై మూడు గింజలు ఉన్నాయి. ఇరవై ఒకటి చల్లగదికి వెళ్ళాయి. ఇరవై రెండింటికి శాస్త్రవేత్త పొట్టు తీసి, తడి కాగితం పరిచిన గాజు పళ్ళెంలో పేర్చింది. పద్నాలుగో రోజు వచ్చింది. ఒక్కటీ కదలలేదు. నియమం ప్రకారం పారేయాలి. ఆమె పళ్ళెం పట్టుకుని కాపరి వైపు చూసింది.

"ఉంచమ్మా," అన్నాడు ఆయన. "ఆదివారం పూట మా అక్క కూడా ఇంతే. పిలిస్తే లేవదు. పిలవడం మానేశాక లేస్తుంది."

ఇరవై మూడో రోజున ఒక గింజ తెల్లని ముక్కు బయటపెట్టింది. ఇంకో పది రోజుల్లో మరి మూడు. మిగిలినవి లేవలేదు.

ఆ నాలుగే ఇప్పుడు గట్టు మీది నాలుగు కుండీలు.

తూర్పున చీకటి పల్చబడింది. పక్కన ఇంకో కుండీలో మామూలు వరి మొక్క ఉంది. దాని వెన్ను మీది పువ్వుల కొసలు నిన్న సాయంత్రమే కత్తెరతో కత్తిరించి, లోపలి పుప్పొడి సంచులను ఏరేసి, కాగితపు తొడుగు తొడిగి సిద్ధంగా ఉంచారు. ఇక దానికి కావలసింది అడవి వరి పుప్పొడి. శాస్త్రవేత్త భూతద్దంలోంచి చూస్తోంది. డైరెక్టరుగారు గడియారం చూసుకున్నారు. డ్రైవర్ తన చేతులు ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

కాపరి మొక్కను చూడటం లేదు. ఆయనకు ఆ వెలుగు రంగు తెలుసు. "ఇప్పుడు," అన్నాడు.

వెన్ను పైకొసన ఒక పువ్వు రెండు పొట్టులనూ విడదీసింది, నిద్రలో నోరు తెరిచినట్టుగా. పసుపుపచ్చని సన్నని సంచులు ఆరు బయటికి జారి వేలాడాయి. దాని కింద ఇంకొకటి, ఆ కింద మూడు. శాస్త్రవేత్త వెన్నును మెల్లగా వంచి, తొడుగు తీసిన వరి పువ్వుల మీద ఒక్కసారి తట్టింది. దుమ్ములా పసుపు రాలింది. ఆమె మళ్ళీ తొడుగు తొడిగి, దాని మీద తేదీ, "17" అనే అంకె రాసింది. అంకె కాస్త వంకర పోయింది.

అదంతా పావుగంట పని. ఈ సంకరం నుంచి మొక్క రావాలి, దానిని మళ్ళీ వరితో కలపాలి, అలా ఎన్నో తరాలు గడవాలి. రైతు చేతికి వచ్చేసరికి ఈ నలుగురిలో ఎవరెవరు ఎక్కడ ఉంటారో. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా డ్రైవర్ ముక్కు చీదుకుని, "దున్నింది నేనే సార్," అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఆపైన వచ్చి కాపరి పక్కన, ఆయన వదిలిపెట్టిన చోట కూర్చోబోయాడు.

"అక్కడ కాదురా," అన్నాడు కాపరి మృదువుగా. "ఇటు రా."

డ్రైవర్ రెండో పక్క కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అరచేతిలో ముల్లు గుచ్చుకుంది. చెయ్యి తీయలేదు.

ఏడున్నరకు పువ్వులు ముడుచుకున్నాయి. కాపరి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఈ రోజు సంగతి చెప్పుకోదగిన సంగతి. ముప్పై ఏళ్ళలో ఇంత మంచి కబురు ఆయన ఇంటికి మోసుకెళ్ళలేదు. గుమ్మంలో చొక్కా విప్పుతూ చెప్పవలసినది. చొక్కా ఎవరికిచ్చి చెప్పాలో ఆలోచిస్తూ ఆయన కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు.

"మీరు ఆఫీసుకు రండి," అన్నారు డైరెక్టరుగారు. "ఇవాళే రాద్దాం."

రిజిస్టరు తెరిచి, సమయం గడిలో అచ్చువేసిన పది గంటలను ఆయన స్వయంగా కొట్టివేసి, "ఉదయం 5.50" అని రాశారు. తరవాత కాపరి సర్వీసు పుస్తకం తీసి అడిగారు: "మందలింపు, మెప్పు, ఒకే పేజీలో వస్తాయి. ఏది ముందు రాయమంటారు?"

"తప్పు ముందు రాయండి," అన్నాడు కాపరి. "దాని కిందనే అక్క సంగతి రాయండి. పైది లేకపోతే కిందది ఎవరికీ అర్థం కాదు."

"ఆవిడ పేరు?"

"దర్జీ అక్క అనే రాయండి. క్వార్టర్లలో ఎవరిని అడిగినా చెప్పేది ఆ పేరే."

డైరెక్టరుగారు తలూపి, మందలింపు నాలుగు ముక్కల్లో ముగించి, కింద కొత్త పంక్తి ప్రారంభించారు. రాసినది గట్టిగా చదివి వినిపించిన తరువాత సంతకం చేశారు. అది ఇది:

"అడవి వరి పదిహేడవ వరుస. ఈ క్షేత్రమునందు, చల్లగదియందు లేకుండాపోయిన ఈ విత్తనము, అడవి మడి కాపరిగారి అక్కగారు, దర్జీ అక్కగా ఎల్లరూ ఎరిగినవారు, తమ్ముని దుస్తుల నుండి ఇరువది ఆరు సంవత్సరముల పాటు ప్రతి సాయంకాలము గింజలను ఏరి, రకములుగా వేరుపరచి, తేమ తగులకుండ భద్రపరచినందువలన నేడు సజీవముగా ఉన్నది. ఆ విత్తనము సూర్యోదయ సమయమున పుష్పించునని నేటి ఉదయము ముగ్గురు సాక్షుల ఎదుట రుజువైనది. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. చేయవద్దని చెప్పబడినప్పటికీ ఆమె చేసినారు. ఆ కార్యమునకు ఈ క్షేత్రము తన కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేయుచున్నది."